మోగని గుబుకులు

ఫిబ్రవరి 9

అక్కకి,

పార్సిల్ నిన్న అందింది. పన్నెండు గుబుకులూ చెక్కు చెదరకుండా వచ్చాయి. దూదిలో చుట్టి, మందుల అట్టపెట్టెలో సర్ది పంపావు చూడు, అది విప్పుతుంటే నీ మరదలు పక్కన నిలబడి, "మీ అక్క నాకు పంపిన గాజులు సగం పగిలే వచ్చాయి. చేపలకి పంపేటప్పుడు ఎంత జాగ్రత్తో!" అంది.

గాలానికి కట్టి నీళ్ళమీద తేలించే ఈ ఎర బొమ్మల్ని దుకాణాల్లో పాపర్లు అంటారట. పోయిన నెల నా గాలం కర్రకి, అదే ఫ్లై రాడ్డుకి, కొత్త దారం కొనబోతే అమ్మేవాడు నాకు పాఠం చెప్పాడు. నాన్న వీటికి గుబుకు అని పేరుపెట్టి నలభై ఏళ్ళయిందని వాడికేం తెలుసు.

రంగులు బాగున్నాయి. ఆకుపచ్చ వీపు మీద పసుపు చుక్కలు పెట్టినవి మరీ బాగున్నాయి. ఒకటే లోపం. ఇవి మోగడం లేదు. ముఖాన ఆ గుంట పెట్టేదే మోగడానికి కదా. దారం కాస్త గుంజితే గుంట నీళ్ళని కొట్టి గుబుక్కుమనాలి. పైన ఏదో పురుగు పడి కొట్టుకుంటోందని కింద చేప లేవాలి. నీవి నీళ్ళు చిమ్ముతున్నాయి గాని నోరు మెదపవు. పొద్దున్నే లాకు దిగువన, గాలి లేని వేళ చూసి, ఆరింటిని మార్చి మార్చి కట్టాను. ఆరూ మూగవే. రెండు వెనక్కి పంపుతున్నాను, నువ్వే చూడు.

లాకు దగ్గర పడవలు దాటించే పని మామూలే. పైతలుపులకి కొత్తగా తారు పూశారు. పడవలవాళ్ళకి మాత్రం ఈమధ్య పొగరెక్కింది. ఇదివరకు మలుపులోనే హారన్ కొట్టేవాళ్ళు, నేను తూములు ఎత్తి నీళ్ళు సమం చేసి ఉంచేవాణ్ణి. ఇప్పుడు హారన్ లేదు, పాడు లేదు. ఒకడు గట్టు మీద నడిచొచ్చి నా భుజం తట్టి, "పడవొచ్చింది పెద్దాయనా" అంటాడు. "మీట నొక్కితే వేలు అరిగిపోతుందా?" అన్నాను మొన్న. నవ్వి ఊరుకున్నాడు.

ఫోను చెయ్యమంటావు. ఇక్కడ సిగ్నల్ సంగతి నీకు తెలీదు. నీ గొంతు పీపాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఉత్తరమే మేలు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 20

తమ్ముడికి,

నువ్వు వెనక్కి పంపిన రెండూ చూశాను. వాటికి ఏ రోగమూ లేదు. బట్టలు నానేసే తొట్టిలో వేసి గుంజాను. మోగాయి. మీ బావ పక్కగదిలోంచి "ఏం పడింది?" అన్నారు. అయినా తొట్టి వేరు, కాలవ వేరు అంటావని మళ్ళీ చేశాను.

ఎలా చేస్తున్నానో రాస్తాను. తప్పెక్కడుందో చెప్పు. మా ఫ్యాక్టరీలో చెప్పుల అడుగులు కోయగా మిగిలిన ఫోమ్ ముక్కల్లో గట్టివి ఏరుకుంటాను. బొటనవేలితో నొక్కితే వెంటనే పైకి లేవాలి. గుంటపడి ఉండిపోయేవి పనికిరావు, నీళ్ళు తాగేస్తాయి. ఇత్తడి గొట్టం ఒక మొన ఆకురాయితో పదును పెట్టి, డ్రిల్లుకి బిగించి, సబ్బునీళ్ళు రాసి దింపితే గుండ్రటి దిమ్మ శుభ్రంగా ఊడివస్తుంది. సబ్బు లేకపోతే అంచు చిరుగుతుంది. తోకవైపు గరుకు కాగితం మీద తిప్పి సన్నం చేస్తాను. ముఖాన సైకిలు బేరింగు గుండు పటకారుతో పట్టి, కొవ్వొత్తి మీద కాల్చి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు నొక్కుతాను. అదే నీ గుంట. పొట్టకింద బ్లేడుతో గాటు పెట్టి, దారం చుట్టిన గాలం అందులో దించి జిగురు పోస్తాను. దారం చుట్టకపోతే దిమ్మ గాలం మీద గిర్రున తిరుగుతుంది. గాటు లోతైతే గాలం నోరు మూసుకుపోయి చేప తగిలినా నిలవదు. ఇదంతా నాన్న బెండుతో చేసిందే. బెండు పగులుతుంది, ఇది పగలదు. అంతే తేడా.

ఈసారి ఆరు చేశాను. పెద్ద గుండు వాడి, ఆరు అంకెలు నొక్కాను. గుంట లోతుగా ఉంటుంది. ఇవి మోగకపోతే నన్నడుగు.

మా సెక్షన్‌లో ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. నేను సూపర్వైజర్నని తెలీక ఒకడు, "ఏమ్మా, టీ ఎక్కడిస్తారు?" అన్నాడు. చూపించాను. నేనూ తాగాను.

మరదలికి గాజులు మళ్ళీ పంపుతానని చెప్పు. ఈసారి చేపలకి పంపినట్టే పంపుతాను.

అక్క

మార్చి 6

అక్కకి,

నువ్వు బాధపడతావని నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. ఇవీ మోగలేదు.

పైగా గుంట మరీ లోతై, దారం ఎత్తేటప్పుడు ముక్కు కిందకి దించి నీళ్ళలో దూరిపోతున్నాయి. రాడ్డు వంగిపోతోంది. నీళ్ళు మాత్రం ఇంతెత్తున లేస్తున్నాయి. నీ మరదలు రేవులో బట్టలు జాడిస్తూ, "ఆపండి మహానుభావా, ఆ చప్పుడుకి అవతలి గట్టున కొంగలు కూడా లేచిపోయాయి" అంది. దానికి వేళాకోళం ఎక్కువ. చప్పుడూ లేదు, కొంగలూ లేవు.

ఫోమ్‌లోనే ఉంది లోపం అనుకుంటున్నాను. నాన్న బెండు గుబుకు ఇవతల వేస్తే అవతలికి వినపడేది. నీకు గుర్తుందో లేదో. ఇంకోమాట, కోప్పడకు. ఈ వయసులో చెయ్యి మారడం మామూలే. చూపు ఆనకపోతే గుంట పక్కకి పోతుంది. నువ్వు ఒప్పుకుంటే దుకాణంలోవి కొనుక్కుంటాను. నీకూ శ్రమ తప్పుతుంది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నీటిమట్టం తగ్గింది. ఒక పడవ అడుగు నేలకి తగిలింది గాని ఏమీ కాలేదు.

నీ తమ్ముడు

మార్చి 17

తమ్ముడికి,

దుకాణంలోవి కొనుక్కో. అభ్యంతరం లేదు.

అని రాసి కాయితం మడిచి, మళ్ళీ విప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా కోత మిషను పక్కన నిలబడి, అర మిల్లీమీటరు తేడా వస్తే పట్టుకునేదాన్ని. నా చెయ్యి మారిందంటే నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం ఎనిమిది గుబుకులు ఎనిమిది రకాల గుంటలతో చేశాను. డాబామీద నీళ్ళట్యాంకు మూత తీసి, మీ బావని ట్యాంకుకి అటువైపు నిలబెట్టి, ఒక్కోటీ గుంజాను. ఎనిమిదీ మోగాయి. మొదటిసారి నీకు పంపినటువంటిదే అన్నిటికంటే నిండుగా మోగింది. "మీకు వినిపించిందా?" అంటే మీ బావ, "వినిపించకేం, నేనేం చెవిటివాణ్ణా?" అన్నారు. ఆయన నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా అన్నారేమోనని ఇంకో అనుమానం. పెళ్ళయినప్పటినుంచీ కూరలో ఉప్పు గురించి ఆయన చెప్పిందంతా అబద్ధమే.

నువ్వేమో నీళ్ళమీద పెరిగినవాడివి. నీకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. అందుకే నాకు వేరే భయం పట్టుకుంది. ఆ మిషను పక్కన ఇన్నేళ్ళు ఉన్నాను. నా చెవులే పోయి, లేని చప్పుడు నాకు వినిపిస్తోందేమో. వచ్చేవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఎవరితోనూ అనకు. ఫ్యాక్టరీలో తెలిస్తే మిషన్ల దగ్గరనుంచి తీసి, పెట్టెలకి చీటీలు అంటించే గదిలో కూర్చోబెడతారు.

అక్క

మార్చి 28

అక్కా,

నీ ఉత్తరం చదివి మనసు పాడైంది. చెయ్యి మారిందని నోరు పారేసుకున్నాను, ఏమీ అనుకోకు. కారణం ఇదని నాకు తట్టలేదు.

చెవుల సంగతి అశ్రద్ధ చెయ్యొద్దు. మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకి ఇది మామూలే, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. డాక్టరు చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకో. కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు సిగ్గుపడ్డావా? అయితే ఫ్యాక్టరీలో దాస్తానన్నావు చూడు, అది మాత్రం తప్పు. చిన్నవాణ్ణయినా చెప్తున్నాను. ఎవరో "ఆపండి" అని కేకేస్తారు, నీకు వినపడదు, మిషను కిందకి దిగుతుంది. అప్పుడు ఎవరి చెయ్యి పోతుందో? నీ కుర్చీ పోతుందని ఇంకొకరి చెయ్యి తీస్తావా? నువ్వే వెళ్ళి మేనేజరుకి చెప్పు. వాళ్ళు కనిపెట్టేదాకా ఆగకు.

పరీక్షలో ఏమైందో వెంటనే రాయి. గుబుకుల సంగతి ఇక మర్చిపో.

నీ తమ్ముడు

ఏప్రిల్ 11

తమ్ముడికి,

పరీక్ష అయింది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. సన్నటి కూతలు ఒకటి రెండు తప్పాయి. మిగతావన్నీ వినపడ్డాయి. డాక్టరమ్మ కాయితం చూసి, "మిషన్ల దగ్గర పనిచేసి కూడా మీ చెవులు నిక్షేపంలా ఉన్నాయే. అసలెందుకొచ్చారు?" అంది. గుబుకుల కథంతా చెప్పాను. ఆవిడ పెన్ను మూతపెట్టి, "మోగట్లేదని చెప్పిన ఆయన్ని పంపించండి" అంది.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. ఫోన్లో నా గొంతు పీపాలోంచి వస్తోందన్నావు. కొంగలు లేవలేదన్నావు. పడవలవాళ్ళు హారన్ మానేశారన్నావు. ఒకళ్ళు మానేస్తారు గాని అందరూ ఎలా మానేస్తారురా? వాళ్ళకి తెలుసు. తెలిసి భుజం తడుతున్నారు.

కోపం తెచ్చుకునే ముందు ఒక పని చెయ్యి. కాలవకి వీపు పెట్టి కూర్చో. మరదల్ని రాడ్డు పట్టుకుని, తన ఇష్టం వచ్చినప్పుడు గుబుకు గుంజమను. వినపడ్డప్పుడల్లా నువ్వు వేలెత్తు. తను రెండిటికీ కాయితం మీద గీతలు పెట్టుకోవాలి. నువ్వు తిరిగి చూడకూడదు. ఆ గీతలు కలిస్తే నీ చెవులు బాగున్నాయని ఒప్పుకుని, ఇత్తడి గొట్టం నీకే పంపేస్తాను.

లాకు తలుపుల మధ్య పడవలో మనుషులుంటారు. తూము ఎత్తేటప్పుడు వాళ్ళు "ఆగు" అంటే నీకు వినపడాలి. నేనేం చెయ్యాలో నువ్వే రాశావు కదా, ఆ ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను. అందులో ఫ్యాక్టరీ అన్నచోట లాకు అని మార్చుకుని చదువుకో.

అక్క

ఏప్రిల్ 18

అక్కకి,

నా చెవులు బాగానే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా ఈ లాకు మీద ఒక్కడికి గోరు ఊడలేదు. నీ చేత్తో చేసింది మోగలేదంటే నా చెవులమీద పడ్డావు. దుకాణంలోవి కొన్నాను. పోనీలే, అవీ అంతంతమాత్రమే.

ఈ ఇల్లు లాకుతో పాటు ఇచ్చింది. లాకు పోతే ఇల్లు పోతుంది. అది గుర్తుపెట్టుకుని రాస్తే బాగుండేది.

నీ తమ్ముడు

మే 9

తమ్ముడికి,

మనసు మార్చుకుని ఇంకో ఉత్తరం రాస్తావని మూడు వారాలు చూశాను. రాలేదు.

మీ ఆఫీసరుకి ఉత్తరం రాశాను. కవరు అంటించి, స్టాంపు కూడా వేశాను. బీరువాలో ఉంది. రోజూ పనికెళ్ళేటప్పుడు తీస్తాను, మళ్ళీ పెట్టేస్తాను. మీ బావ, "వెయ్యదలుచుకుంటే వెయ్యి, లేకపోతే చించు. ఆ బీరువా తలుపు కిర్రుమంటోంది" అన్నారు.

ఇల్లు పోతుందన్నావు. అది నాకు తెలీదని కాదు. ఇల్లు గుర్తొచ్చే అది బీరువాలో ఉంది. పడవలో మనుషులు గుర్తొచ్చి చించలేకపోతున్నాను. ఈ నెలాఖరు దాకా ఆగుతాను. తర్వాత డబ్బాలో వేసేస్తాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే.

మరదలికి గాజులు వేరే పార్సిల్‌లో పంపాను.

అక్క

మే 27

అక్కా,

గాజులు ఒక్కటీ పగల్లేదు.

నీ ఉత్తరం వచ్చాక పదిరోజులు దాన్ని జేబులోనే పెట్టుకుని తిరిగాను. ఇటుకల పడవ నడిపే ఆయన నీకు తెలుసు, చేతిమీద మచ్చ ఉంటుంది. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయన వచ్చి భుజం తడితే, "హారన్ ఎందుకు కొట్టవు?" అని గట్టిగానే అడిగాను. ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడి, నోరు బాగా తెరిచి, "రోజూ కొడుతూనే ఉన్నాను నాయనా" అన్నాడు. "కొట్టి, నువ్వు కదలకపోతే మనిషిని దింపుతున్నాం. అందరం అలాగే చేస్తున్నాం. ఆఫీసుకి చెప్తే నిన్ను ఖాళీ చేయిస్తారని మాలో మేమే అనుకున్నాం." నాకు ఆయన మీద కోపమే వచ్చింది. ఆ పూట తలుపులు తీసి పంపించాను గాని, ఆ కాసేపూ పడవలో ఉన్నవాళ్ళ ముఖాల మీదనుంచి చూపు తిప్పుకోలేదు.

ఆదివారం నువ్వు చెప్పినట్టే చేశాను. మెట్ల మీద కాలవకి వీపు పెట్టి కూర్చున్నాను. నీ మరదలు నీ మొదటి డజనులోది కట్టి, రేవులోంచి గుంజింది. దానికి విసరడం రాదు, చేత్తో నీళ్ళలో వదిలి గుంజింది. నేను తొమ్మిదిసార్లు వేలెత్తాను. కాయితం చూస్తే అది గుంజింది ఐదుసార్లు. ఆ ఐదింట్లో నా వేలు కలిసింది ఒక్కసారే. నేను ఊరికే వేళ్ళెత్తలేదక్కా. ఆ తొమ్మిదీ నాకు వినపడ్డాయి. నాన్న గుబుకు ఎలా మోగేదో అలాగే వినపడ్డాయి.

నీ మరదలు కాయితం నా చేతికిచ్చి లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. కాసేపటికి వచ్చి ఎదురుగా కూర్చుని, "నాకు ఏడాదిగా తెలుసు" అంది. మరి చెప్పలేదేం అంటే, "చెప్పాను. నీకు వినపళ్ళేదు" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి ఆరోజు నువ్వు అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వలేదు.

సోమవారం ఆఫీసుకెళ్ళి చెప్పాను. ఆఫీసరు చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. లాకు వేరేవాళ్ళకి ఇస్తారు. నన్ను ఎగువన నీటిమట్టం చూసే పనికి వేస్తారట. రాతి మీద అంకెలు చదివి పుస్తకంలో రాయాలి, చెవులతో పనిలేదు. జీతం తగ్గుతుంది. ఇల్లు జూన్ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నీ బీరువాలో కవరు చించెయ్యి.

ఒక కాయితం నింపమన్నారు. అందులో "వినికిడి లోపం మొదలైన తేదీ" అని ఒక గడి ఉంది. అప్పటినుంచీ ఏమైనా పొరపాట్లు జరిగాయేమోనని లాకు పుస్తకం అంతా మళ్ళీ చూస్తారట. గుమస్తా నా చెవి దగ్గరకొచ్చి, "పోయినవారం అని రాసెయ్యండి, గొడవుండదు" అన్నాడు. రెండోసారి చెప్తేగాని అర్థం కాలేదు. పోయినవారం కాదని నాకు తెలుసు. ఎప్పుడో మాత్రం తెలీదు. నీ మరదల్ని అడిగితే ఏడాది అంటుంది, ఇటుకల పడవాయన ఇంకా ముందే అంటాడు. నాకు రోజూ అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఏ రోజు మానేశాయని రాయను? జూన్ పదికల్లా ఇవ్వాలి. నీకేమైనా తోస్తే రాయి.

నీ తమ్ముడు

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

కవరు చించేశాను. స్టాంపు మాత్రం ఆవిరికి పట్టి ఊడదీశాను. ఈ ఉత్తరానికి అదే వేశాను.

శనివారం పొద్దుటి బస్సుకి నేనూ మీ బావా వస్తున్నాం, సామాను సర్దడానికి. చెప్పుల ఫ్యాక్టరీ అట్టపెట్టెలు ఒక కట్ట తెస్తున్నాను. అంతకుముందు నువ్వు మా డాక్టరమ్మ దగ్గరికి రావాలి. ఎనిమిదో తేదీకి పేరు రాయించాను. కూడా మరదల్ని తీసుకురా. డాక్టరమ్మ ఏమందో చెప్పడానికి ఇద్దరుండాలి, నీకొక్కడికే చెప్తే సగం నువ్వే కల్పించి చెప్తావు.

ఆరు గుబుకులు కొత్తవి చేశాను. ముఖాన గుంట పెట్టలేదు, వాలుగా కోసి వదిలేశాను. గుంజితే నీళ్ళు ముందుకి జల్లులా పడతాయి. వీపు తెల్లగా వేశాను, దూరానికి కనపడుతుంది. చేప లేస్తుందో లేదో నేను చెప్పలేను, మా తొట్టిలో చేపల్లేవు.

తేదీ సంగతి. నీ ఉత్తరాలు ఏడేళ్ళవి నా దగ్గరున్నాయి. రెండు రోజులు పనికి సెలవు పెట్టి, కొత్తవాటినుంచి పాతవాటికి చదువుకుంటూ వెళ్ళాను. పోయినేడాదిలో దొరకలేదు. అంతకుముందు ఏడాది జూలై 22న రాసిన దాంట్లో నాలుగో పేజీలో ఉంది. "ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, కాలవ నిండుగా ఉంది. ఎందుకో గాని కప్పలు ఒక్కటీ అరవడం లేదు. పొలాల మందులకి చచ్చిపోయినట్టున్నాయి" అని రాశావు.

ఆ తేదీ వెయ్యి. దానికి నేను రాసిన జవాబు నీ దగ్గరుంటే వెతుక్కో. పాపం కప్పలు అని రాసినట్టు గుర్తు.

అక్క